బీజములోని కదురు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ప్రసంగ పాఠము)



మహాభారతమున ఆదిపర్వమునందలి గాంధారి వృత్తాంతము అందఱును ఎఱిగినదే. రెండు సంవత్సరములు మోసిన గర్భము మాంసపిండమై వెలువడగా, వ్యాసమహర్షి దానిని నూటొక్క ఖండములుగ చేయించి నేతికుండలలో భద్రపఱపించెను. ఒక్కొక్క ఖండమును సంపూర్ణ శిశువయ్యెను. పురాణము వినువారు ఇచట నాశ్చర్యపడి ముందునకు సాగుదురు. లెక్కలు వ్రాయు అలవాటు గలవాడు మాత్రము ఒక్కింత ఆగును. పొలమును నూటొక్కరికి పంచినచో ఒక్కొక్కనికి దక్కునది నూటొకటవ పాలే గదా! పిండమును పంచినపుడు ప్రతి ఖండమునకును నిండు శరీరమునకు వలసిన సామగ్రి యంతయు నెట్లు చేరెను?

అది మహర్షి తపశ్శక్తి యని పురాణము సమాధానము చెప్పును. కాని ప్రతి తల్లి గర్భమునందును తొలిదినము మొదలు జరుగుచున్న పని యట్టిదే. ఒక కణము రెండగును, రెండు నాలుగగును, నాలుగు ఎనిమిదియగును. ప్రతి కణమునకును ఆస్తి యావత్తును సంక్రమించును. ఎన్ని మాఱులు పంచినను ఎవనికిని పాలు తఱుగదు. ఈ పంపకమును నడుపు సాధనములను శాస్త్రజ్ఞులు సూక్ష్మనాళికలందురు. స్త్రీ పురుష బీజములయందును, తొలినాళ్ల పిండమునందును అవి చేయు పని యే యీ ప్రసంగమునకు విషయము.

గర్భోపనిషత్తు ఒక రాత్రికి కలలమనియు, ఏడు రాత్రులకు బుద్బుదమనియు పిండదశలకు పేరులు పెట్టినది. అయిదాఱు దినముల మానవ పిండము నిజముగనే నడుమ నీరు నిండిన బుడగవలె నుండును. దీనిని బట్టి సూక్ష్మదర్శినిలో కనబడునదంతయు పూర్వులకు ముందే తెలియునని కొందఱు వాదింతురు. ఆ వాదము వలన పూర్వులకు గౌరవము పెరుగదు, శాస్త్రమునకు మేలు కలుగదు. కంటికి అందినంత వఱకు వారు శ్రద్ధతో చూచిరి. లోపలి దారములు కంటికి అందునవి కావు.

అవి యెంత సన్ననివనగా, ఒక మిల్లీమీటరును 40,000 భాగములు చేసినచో అందొక భాగమంత మందము గల గొట్టములు. ట్యూబ్యులిన్ అను మాంసకృత్తు యొక్క జంట రేణువులు ఇటుకలు పేర్చినట్లు ఒకదానిపై నొకటి చేరి వరుసలగును. సాధారణముగ 13 వరుసలు గుండ్రముగ కూడి యొక నాళికయగును. అయితే ఇది కట్టిన గోడవలె స్థిరమైనది కాదు. కొన పెరుగుచు పెరుగుచు అకస్మాత్తుగ కూలును, మరల పెరుగును. ఈ చంచల స్వభావమును 1984లో మిచిసన్, కిర్ష్‌నర్ అను ఇరువురు అమెరికాలో నిరూపించిరి. చీకటి గదిలో చిలుకకొయ్యను వెదకువాడు చేయి చాచి, తగులనిచో వెనుకకు తీసి, మఱియొక దిక్కునకు చాచును గదా; నాళికయు నట్లే క్రోమోజోమును వెదకి పట్టుకొనును.

క్రోమోజోములనగా వంశలక్షణముల దస్తావేజులు. మానవ శరీర కణములో అవి 46. తల్లివి 23, తండ్రివి 23. కణము చీలుటకు ముందు ప్రతి దస్తావేజునకును నకలు తయారై, అసలును నకలును ఒకచో కట్టివేయబడి యుండును. అపుడు కణమునకు రెండు కొసలనుండి నాళికలు పుట్టుకొనివచ్చి, నడుమ లావై కొసలు సన్నమైన ఆకృతిని పొందును. రాట్నము త్రిప్పిన చేతులకు ఆ ఆకృతి పరిచితమే; అది కదురు. ఒక కొసనుండి వచ్చిన నాళికలు అసలును, రెండవ కొసనుండి వచ్చినవి నకలును పట్టును. ప్రతి జంటయు ఇరువైపుల పట్టుబడి బిగువెక్కిన పిదపనే కట్టు తెగి రెండును చెఱియొక ప్రక్కకు పోవును. ఒక్క జంట పట్టుబడక మిగిలినను తక్కినవన్నియు సాధారణముగ దానికొఱకు ఆగును. అన్నదమ్ములలో ఒకడు రాలేదని పంపకమును వాయిదా వేయు పెద్దమనిషి వివేకము ఆ కణమునందు గలదు.

ఈ కదురు నిజముగ నున్నదా యని పండితులు చిరకాలము తర్కించిరి. జర్మనీ దేశపు ఫ్లెమ్మింగ్ 1882 నాటికే దానిని చిత్రించెను. కాని అది చంపి రంగులద్దిన కణములలో కనబడినది. మందుల వలన గడ్డకట్టిన పదార్థమునే దారములనుకొనుచున్నారని ఆక్షేపించినవారు పలువురు. ఆ సందేహమును తీర్చినవాడు జపానులో చదివి అమెరికాకు వెళ్లిన షిన్యా ఇనొవే. ఆయన స్వయముగ కూర్చుకొన్న ధ్రువిత కాంతి సూక్ష్మదర్శినితో సముద్రపు పురుగు అండములోను, లిల్లీ పుష్పము యొక్క పుప్పొడి మాతృకణములోను, అవి సజీవముగ నుండగనే కదురు దారములను చూచి 1953లో ప్రకటించెను. అండమును చల్లబఱచినచో దారములు కరగిపోయినవి. వెచ్చబఱచినచో మరల వచ్చినవి. సజీవమైన కదురు తొలుత స్పష్టముగ దర్శనమిచ్చినది బీజకణములలోనే యని గమనింపదగును.

అయితే ఈ కదురునకు రెండు కొసలు ఎట్లు ఏర్పడును? దీనికి సమాధానము అంతకు పూర్వమే ఇటలీలోని నేపుల్సు నగరమున, సముద్రతీర పరిశోధనశాలలో లభించినది. థియొడార్ బొవెరీ అను జర్మనీ శాస్త్రజ్ఞుడు సముద్రపు ముండ్లజీవి అండములను పరిశీలించెను. ఆయన భార్య మార్సెల్లా అమెరికా దేశీయురాలు, తానును జీవశాస్త్రమున పండితురాలు. ఆ పనిలో ఆమెయు భాగస్వామినియే. ఆ జీవి అండమున 18 క్రోమోజోములు, శుక్రకణమున 18, కలిసి 36. ఒక్కొకప్పుడు ఒకే అండమున రెండు శుక్రకణములు ప్రవేశించును. అపుడు 54 అగును; నకళ్లతో 108. శుక్రకణముతో పాటు సెంట్రోసోము అను కేంద్రమొకటి వచ్చి రెండుగ చీలి కదురు కొసలకు ఆధారమగును గనుక, శుక్రకణములు రెండు వచ్చినచో కొసలు నాలుగగును. అండము రెండుగ గాక ఒకేసారి నాలుగుగ చీలును.

108ని 4తో భాగించినచో 27 వచ్చును. శేషము లేదు. పైకి చూచిన లెక్క సరిగనే యున్నది! కాని అట్టి పిండములలో దాదాపు అన్నియు నశించినవి. బొవెరీ ఆ నాలుగు కణములను విడదీసి పెంచి చూడగా, నాలుగును నాలుగు విధముల పెరిగి నాలుగు విధముల చెడినవి. మూడుగ చీలిన అండములలో బాగుపడినవి కొంత హెచ్చు. దీనిని బట్టి ఆయన 1902లో చెప్పినదేమనగా, క్రోమోజోముల సంఖ్య యెంత యని కాదు, 18 రకములలో ప్రతి రకమును చేరినదా లేదా యనునదే ప్రధానము. మొత్తము సరిపోయినంత మాత్రమున చిట్టా సరియైనది కాదని లెక్కలు దిద్దువారెల్లరు నెఱుగుదురు. క్రోమోజోములు ఒకదానికొకటి ప్రత్యామ్నాయములు కావని, వానిలో వేర్వేఱు వంశలక్షణములు గలవని ప్రపంచము నమ్ముటకు ఈ ప్రయోగము గొప్ప ఆధారమైనది.

ఇందు మఱియొక విశేషము గలదు. అండము తాను రూపొందు కాలముననే తన కేంద్రములను పోగొట్టుకొనును. పెక్కు జంతువులయందును, మానవులయందును, పిండమునకు ఆ కేంద్రము తండ్రి వైపునుండియే రావలెను. తండ్రి బీజము 23 దస్తావేజులను పడవైచి తన పని ముగించుకొనునది కాదు. తొలి పంపకమునకు మేకు పాతవలసినది అదియే. చుంచెలుకయందు మాత్రము ఈ ధర్మము చెల్లదు. దాని పిండమున తొలి విభజనలు కేంద్రములు లేకయే జరుగును. పరిశోధకులకు అందుబాటులో నున్నది చుంచెలుక యగుటచే మానవుని విషయమున కొంతకాలము పొరపాటు పడుట తటస్థించినది.

ఇక శుక్రకణము తోకను చూడుడు. అడ్డముగ కోసి ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో చూచినచో, అంచున తొమ్మిది జంటల నాళికలు వలయముగను, నడుమ రెండు నాళికలును కనబడును. తొమ్మిది జంటలకును డైనీన్ అను మాంసకృత్తుతో చేయబడిన చిన్న చేతులుండును. ఆ చేతులు ప్రక్క జంటను పట్టి లాగుటచే తోక వంగి కొట్టుకొనును, శుక్రకణము ఈదును. ట్యూబ్యులిన్ అను పేరు సయితము ఈ తోకల పరిశోధనలోనే పుట్టినది. 1968లో జపాను శాస్త్రజ్ఞుడు మొహ్రి ముండ్లజీవి శుక్రకణముల తోకలనుండి ఆ పదార్థమును తీసి నామకరణము చేసెను.

1976లో స్వీడను దేశమున అఫ్జీలియస్ అను పండితుడు శుక్రకణములు కదలని నలుగురు పురుషులను గుఱించి వ్రాసెను. వారి తోకలలో ఆ డైనీన్ చేతులు లేవు. వారిలో ముగ్గురికి చిన్ననాటినుండి దగ్గు, రొంప, ఊపిరితిత్తుల వ్యాధి వదలవు. ఇది కొంత అర్థమగును. శ్వాసనాళములలోని కఫమును పైకి నెట్టు శైలికలకును అదే నిర్మాణము, అదే లోపము. కాని ఆ ముగ్గురికిని హృదయము కుడివైపున నుండెను! ఊపిరితిత్తుల వ్యాధి, హృదయము కుడిప్రక్క నుండుట, ఈ రెండు కలిసి వచ్చుటను జూరిచ్ వైద్యుడు కార్టగెనర్ 1933లోనే వర్ణించియుండెను. తోక కదలకపోవుటకును గుండె ప్రక్క మాఱుటకును ఏమి సంబంధము? దాని సమాధానము కడపట చెప్పవలసియున్నది.

అంతకుముందు ఒక మాట. సంతానము కలుగనిచో గ్రామములలో నేటికిని మొదటి నింద కోడలిపైననే పడును. గొడ్రాలను పేరు స్త్రీకే గలదు. పురుషునికి సరియైన పేరే లేదు. వ్రతములు ఆమెకే, ఉపవాసములు ఆమెకే, తుదకు సవతియు నామెకే. దంపతుల సంతానలేమిలో సుమారు సగమింటియందు పురుషుని లోపము కూడ కారణముగ నుండునని వైద్యులు చెప్పుదురు. పరీక్షకు వీర్యమును ఇచ్చుట సులువు. దానిని ఇచ్చుటకు భర్త ఒప్పుకొనుటయే దుర్లభము. పాండురాజు శాపగ్రస్తుడైనపుడు లోపము తనయందు గలదని తానే భార్యలకు చెప్పెను. భారతమునందు కుంతిని ఎవరును గొడ్రాలనలేదు. ఆపాటి న్యాయము ఈనాటి కుంతులకు దొరకుట లేదు. తోకలు కదలని పురుషునకు సయితము ఇపుడు దారి గలదు. 1992లో బెల్జియము దేశపు బ్రస్సెల్సు వైద్యులు ఒకే శుక్రకణమును సూదితో అండములోనికి ఎక్కించి శిశుజననములను సాధించిరి. ఈదలేని శుక్రకణమునందు దస్తావేజులును కేంద్రమును చెడకుండ నుండవచ్చును, మోసికొనిపోవువాడే కఱవు. ఈ పద్ధతివలన అట్టి పురుషులును తండ్రులైరి.

ఇంక తల్లి అండము మాట. స్త్రీ అండములు ఆమె పుట్టకముందే, తన తల్లి గర్భమున నుండగనే ఏర్పడును. అపుడే క్రోమోజోములు జతలు కట్టి, విభజన సగములో ఆగిపోవును. ఆ నిరీక్షణ పదునైదేండ్లు కావచ్చును, నలుబదియేండ్లు కావచ్చును. కట్టిన కట్లు మాత్రము నాటివే; క్రొత్త కట్లు పడవు. ఎప్పుడో యొక నెలలో ఆ అండమునకు పిలుపు వచ్చినపుడు, 46ను 23 చేయు కదురును నిర్మింపవలెను. కేంద్రములు లేవు, మేకులు లేకుండ గుడారము వేయుట వంటి పని. క్రోమోజోములు తమ చుట్టును తామే నాళికలను పుట్టించుకొనగా, అవి మెల్లగ ప్రోగై కదురగును. మానవ అండమున దీనికి సుమారు 16 గంటలు పట్టునని, ఆ కాలమున కదురు కొసలు పెక్కింటియందు నిలకడలేక చీలుచు కలియుచు నుండునని మెలీనా షూ అను శాస్త్రజ్ఞురాలి బృందము 2015లో ప్రకటించెను. చుంచెలుక, ఆవు, పంది అండములలో కదురును బిగించు ఒక మాంసకృత్తు మానవ అండమున మిక్కిలి కొఱతగ నున్నదని 2022లో తెలిసినది. ఆ పదార్థమును ప్రయోగశాలలో మానవ అండమునకు చేర్చగా కదురు కుదుటబడెను.

పాత కట్లు సడలినచో, కదురు తడబడినచో, ఒక క్రోమోజోము తప్పుదారి పట్టును. 21వ క్రోమోజోము రెండునకు బదులు మూడైనపుడు శిశువునకు డౌన్ లక్షణములు కలుగునని 1959లో పారిస్ నగరమున లెజూన్ ప్రభృతులు కనుగొనిరి. ఆ మూడవది నూటికి తొంబది సందర్భములలో తల్లి అండమునుండి వచ్చును. ఇరువదియేండ్ల తల్లులకు సుమారు 1,500 శిశువులలో ఒకరికి, నలుబదియేండ్ల తల్లులకు 100లో ఒకరికి ఇట్లగును. అనగా నలుబదియేండ్ల తల్లికిని నూటికి తొంబదితొమ్మండ్రు ఈ లోపము లేనివారే. అట్టి శిశువు కలిగినపుడు గ్రహణమున బయటకు వచ్చినదనియో, పూర్వజన్మ పాపమనియో తల్లిని వేధించుట కలదు. ఆ దారము జాఱినది గర్భము నిలువకముందే. అపుడు ఆమె ఏమి తిన్నది, ఎచట నడిచినది అనువానితో దానికి సంబంధము లేదు.

నాళికలను గుఱించి చెప్పునపుడు ఒక మొక్కను మఱువరాదు. వానకాలమున కంచెలపై ప్రాకి, ఎఱుపు పసుపు జ్వాలలవంటి పూలు పూయు అడవినాభిని పలువురు చూచియుందురు. పువ్వును బట్టి అగ్నిశిఖ, నాగలివంటి దుంపను బట్టి లాంగలి యని సంస్కృత నామములు. భావప్రకాశమున దీనికి గర్భనుత్ అను పేరు కూడ గలదు. గర్భమును వెడలద్రోయునది యని యర్థము. ఈ దుంపలోను గింజలలోను కాల్చిసిన్ అను విషముండును. యూరపు ఖండపు కాల్చికమ్ అను మొక్కలోను అదే విషము గలదు. కీళ్లవాతమునకు వైద్యులు మితముగ దానిని వాడుదురు. ఈ విషము ట్యూబ్యులిన్ రేణువును పట్టుకొని నాళికను కట్టనీయదు. ఇనొవే చూచిన పురుగు అండమున కాల్చిసిన్ వేయగా కదురు కుంచించుకొని మాయమైనది. కదురు లేనిచో చీలుచున్న కణము ఎక్కడిదక్కడ నిలిచిపోవును. గర్భమే గాక, ప్రేగుల పొర, ఎముకలలోని మూలుగ మున్నగు నిత్యము చీలు కణములన్నియు దెబ్బతినును; కావున ఈ దుంప తిన్న తల్లియు బ్రతుకుట కష్టము. నాటుమందుగ దీనిని మ్రింగి ప్రాణములు విడిచినవారు గలరు. పేరు పెట్టిన పూర్వుడు హెచ్చరిక చేసెనే కాని సలహా ఈయలేదు.

అదే విషము శాస్త్రమునకు చేసిన ఉపకారము చిత్రమైనది. మానవుని క్రోమోజోములు 48 అని ముప్పదియేండ్లకు పైగ పాఠ్యగ్రంథములు చెప్పినవి. స్వీడనులోని లుండ్ నగరమున ట్యో, లెవాన్ అను ఇరువురు పిండపు ఊపిరితిత్తి కణములకు కాల్చిసిన్ పెట్టి, విభజన మధ్యమున వానిని నిలిపి, పలుచని ద్రవములో ఉబ్బించి లెక్కింపగా 46 మాత్రమే తేలినవి. వారు దానిని 1956లో ప్రకటించిరి. అందఱును 48 అని వ్రాసియుండగా తమ కంటిని తాము నమ్మిన ఆ ఇరువురి ధైర్యము లెక్కలవారికి ఆదర్శప్రాయము.

బీజములు రెండును కలిసిన పిదప శుక్రకణపు కేంద్రమునుండి నాళికలు సూర్యకిరణములవలె వ్యాపించును. తల్లి కేంద్రకము ఆ కిరణముల వెంబడి తండ్రి కేంద్రకమును చేరవచ్చును. చేరిన వెంటనే రెండును ఏకమగునని చిరకాలము తలచిరి. 2018లో జర్మనీలోని హైడెల్‌బర్గున చుంచెలుక పిండములను పరిశీలించినవారు, తొలి విభజనలో ఒక కదురు గాక రెండు కదుళ్లు ప్రక్కప్రక్కన ఏర్పడుననియు, తల్లి క్రోమోజోములు ఒకదానిపైనను తండ్రివి వేఱొకదానిపైనను నిలుచుననియు చూపిరి. ఆ రెండును ఒకే దిక్కునకు సరిగ తిరుగనిచో కణమునకు రెండు కేంద్రకములేర్పడవచ్చును. పెండ్లియైన మొదటినాడు వియ్యంకులు చెఱియొక పందిటిలో కూర్చున్నట్లున్నది.

కప్ప అండమున నాళికల పని వేఱు. శుక్రకణము ప్రవేశించిన పిదప, అండపు అడుగుభాగమున నాళికలు సమాంతరముగ పఱచుకొనును. వాని వెంబడి అండపు పైపొర లోపలి పదార్థముపై సుమారు 30 డిగ్రీలు జరుగును. ఆ జరుగుటను బట్టియే వీపు ఎటు, పొట్ట ఎటు అని నిశ్చయమగును. అతినీలలోహిత కిరణములతో ఆ నాళికలను చెఱచినచో వీపే లేని పొట్టముద్ద పెరుగును. ఆశ్చర్యమేమనగా, అట్టి అండమును సకాలమున ఒక ప్రక్కకు వంచి యుంచినచో, లోపలి బరువైన పదార్థము తానే జాఱి, వీపు గల కప్పపిల్ల పుట్టును. నాళిక చేయవలసిన పనిని భూమ్యాకర్షణ చేసిపెట్టును.

వీపు పొట్టలు తేలినవి. కుడి యెడమలు తేలవలెను. అఫ్జీలియస్ చిక్కుప్రశ్న ఇచటికి వచ్చును. పిండములోని శైలికలే కుడి యెడమలను నిర్ణయించుచుండవచ్చునని ఆయన 1976లోనే ఊహించెను. ఆధారము దొరకుటకు ఇరువదిరెండేండ్లు పట్టినది. చుంచెలుక పిండమునకు ఎనిమిదవనాటి ప్రాంతమున అడుగున చిన్నగుంట యొకటి యుండును. దానిలోని ప్రతి కణమునకును ఒక్కొక్క శైలిక. అది సుడితిరుగుచుండగా గుంటలోని ద్రవము ఎడమవైపునకు పాఱును. టోక్యోలో హిరొకావా బృందము 1998లో ఆ ప్రవాహమును చూచెను. శైలికలు లేని పిండములలో ప్రవాహమును లేదు, గుండె ప్రక్కకు నియమమును లేదు. 2002లో హమదా బృందము పిండములను కృత్రిమ ప్రవాహములో నుంచి, నీటిని కుడివైపునకు పాఱించగా, ఏ లోపమును లేని పిండములలో సయితము కుడి యెడమలు తారుమాఱైనవి.

డైనీన్ చేతులు లేనివాని శుక్రకణము ఈదదు, కఫము కదలదు, అతడు పిండముగ నున్ననాడు ఆ గుంటలో నీరును పాఱదు. అయినను అట్టివారందఱికిని గుండె కుడివైపున నుండదు. సుమారు సగముమందికి ఎడమవైపుననే యుండును, సగముమందికి కుడివైపున. ప్రవాహము లేనిచోట ప్రకృతి నాణెము నెగురవేయును.